‘వాజ్’ ఎక్కడ? ‘వర్’ ఎక్కడ?

ప్రశ్న: మావాడు రైల్వే పరీక్షలకు చదువుతున్నాడు. ‘ఇఫ్’ వస్తే ‘వర్’ రాయాలని వాళ్ల మాస్టారు చెప్పారట. ‘ఇఫ్ ద ట్రెయిన్ వాజ్ లేట్’ అని కూడా పుస్తకాల్లో చూశాను. ఏది ఒప్పు?
– ఒక తల్లి, రైల్వే కాలనీ, బిలాస్‌పూర్

జవాబు: రెండూ ఒప్పేనమ్మా, చోట్లు వేరు. ‘ఇఫ్’ కనబడగానే ‘వర్’ పెట్టడం మనవాళ్లకు బాగా అలవాటైపోయింది. చూడాల్సింది ‘ఇఫ్’ను కాదు; చెప్పే సంగతి నిజం కావచ్చా, ఉత్త ఊహేనా అన్నది.

నిన్న చుట్టాలెక్కిన బండి ఆలస్యమైందో లేదో మీకు తెలియదనుకోండి. ‘ఇఫ్ ద ట్రెయిన్ వాజ్ లేట్, దే మిస్డ్ ద బస్’ అంటారు. ఆలస్యమై ఉండొచ్చు కాబట్టి ఇక్కడ ‘వర్’ తప్పు.

మీ ఊళ్లోనే ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయం ఉంది కదా. మీవాడు ‘ఇఫ్ ఐ వర్ ద జనరల్ మేనేజర్, ఐ వుడ్ రన్ మోర్ ట్రెయిన్స్ టు వైజాగ్’ అని రాస్తే అది చక్కని వాక్యం. వాడు జనరల్ మేనేజర్ కాడు; ఊహిస్తున్నాడు. రెండో సగంలోని ‘వుడ్’ దీనికి మంచి గుర్తు. అయితే ‘ఇఫ్ హీ వాజ్ టైర్డ్, హీ వుడ్ స్లీప్ ఎర్లీ’ అన్నచోట అది పాత అలవాటును చెబుతుంది, అక్కడ ‘వాజ్’ ఉండాలి.

ఈ తేడా ఐ, హీ, షీ, ఇట్, ఏకవచన నామాల దగ్గరే కనిపిస్తుంది. ఊహ చెప్పేటప్పుడు కూడా మాటల్లో ‘ఇఫ్ ఐ వాజ్’ అనేవాళ్లు ఇంగ్లిషువాళ్లలోనే బోలెడుమంది. పరీక్షలో మాత్రం ఊహకు ‘వర్’ రాయమనండి.