తిరుగలి రాయిని తాకట్టు పట్టవద్దు

పఠనం: ద్వితీయోపదేశ కాండము 24:6

అప్పు తీసుకున్నవాని తిరుగలినిగాని, దాని పైరాతినిగాని తాకట్టు పట్టరాదని మోషే ధర్మశాస్త్రం ఆదేశిస్తోంది. తిరుగలి పోతే పిండి లేదు. పిండి లేకపోతే ఆ ఇంట రొట్టె లేదు. అప్పు తీర్చే దారీ ఉండదు. ఈ ఆజ్ఞ ఒక ఇంటికేనా, దేశానికి కూడానా? గ్రీసు దేశపు అనుభవాన్ని పరిశీలిద్దాం.

గ్రీసు తప్పు లేదనలేం. ప్రభుత్వం ఏళ్ల తరబడి రాబడికి మించి ఖర్చు చేసింది. పన్నుల ఎగవేత విపరీతం. బడ్జెటు లోటును తక్కువ చేసి చూపిన సంగతి 2009లో బయటపడింది. కొత్త అప్పు పుట్టలేదు. 2010 మే నెలలో యూరో దేశాలు, అంతర్జాతీయ ద్రవ్యనిధి కలిసి 11,000 కోట్ల యూరోల రుణం మంజూరు చేశాయి. ఆ డబ్బులో అధిక భాగం పాత బాకీలకూ, బ్యాంకులను నిలబెట్టడానికీ పోయింది. బదులుగా పొదుపు షరతులు వచ్చాయి. జీతాలు, పింఛన్లు, ఆసుపత్రుల ఖర్చు తగ్గించారు, పన్నులు పెంచారు. 2012లో కనీస వేతనాన్ని 22 శాతం, 25 ఏళ్లలోపువారికి 32 శాతం కోశారు.

ఫలితం ఏమిటి? 2008 నుండి 2013 వరకు దేశ ఉత్పత్తి సుమారు నాలుగో వంతు పడిపోయింది. 2013లో పనిచేయగోరే ప్రతి నలుగురిలో ఒకరికి పైగా నిరుద్యోగులు. ఎందరో యువకులు దేశం విడిచి వెళ్లారు. మరి అప్పు తగ్గిందా? 2009లో 100 యూరోల జాతీయాదాయానికి సుమారు 127 యూరోల అప్పు ఉండేది. 2012లో ప్రైవేటు రుణదాతలు తమ బాకీలో సగానికి పైగా వదులుకున్నా, 2014 నాటికి అది సుమారు 180కి చేరింది!

కారణం కష్టమైనది కాదు. ఒక కుటుంబం ఖర్చు తగ్గించుకుంటే ఇంటి యజమాని జీతం తగ్గదు. దేశంలో మాత్రం ఒకరి ఖర్చు మరొకరి రాబడి. ఉపాధ్యాయుని జీతం కోస్తే కిరాణా కొట్టు బేరం పడిపోతుంది. కొట్టు మూతపడితే ప్రభుత్వానికి పన్ను రాదు. సొంత నాణెం లేక యూరోనే వాడే గ్రీసుకు, నాణెం విలువ తగ్గించి ఎగుమతులు పెంచుకునే వీలూ లేదు. ఈ దెబ్బను తక్కువగా అంచనా వేశామని ద్రవ్యనిధి 2013లో ఒప్పుకుంది. తరువాత గడువులు పొడిగించి, వడ్డీ తగ్గించి, ఆదాయం మళ్లీ పెరిగాకే అప్పు భారం దిగసాగింది.

శ్రీసభ బోధ ఇక్కడ స్పష్టం. పునీత రెండవ జాన్ పాల్ పోపుగారు 1991 నాటి 'చెంతేసిముస్ ఆన్నుస్' విశ్వలేఖ 35వ భాగంలో రెండు మాటలు కలిపి చెప్పారు: అప్పు తీర్చడం న్యాయమే, కాని ప్రజలను ఆకలికి, నిరాశకు గురిచేసి రాబట్టడం న్యాయం కాదు. అలాంటప్పుడు భారం తగ్గించే మార్గాలో, వాయిదా వేసే మార్గాలో వెదకాలి. ఇది అప్పు ఎగవేతకు అనుమతి కాదు. పొదుపూ పాపం కాదు. దుబారాను కోయడం వేరు, తిరుగలిని మోసుకుపోవడం వేరు. దేశానికి తిరుగలి అంటే ప్రజల పని, పిల్లల చదువు, రోగుల వైద్యం.

కుటుంబంలో చర్చించుకోండి:

1. మన ఇంట ఖర్చు తగ్గించవలసివస్తే మొదట ఏది తగ్గిస్తాం? ఎవరి వాటా తగ్గుతుంది?

2. మనకు బాకీపడినవారి 'తిరుగలి' ఏది? కుట్టుమిషనా, పాడిగేదెనా? దానిమీద చెయ్యి వేయకుండా బాకీ రాబట్టుకునే దారి ఏది?

3. అప్పు చేసిన పాలకులు ఒకరు, భారం మోసే పేదలు మరొకరు అయినప్పుడు క్రైస్తవుని బాధ్యత ఏమిటి?