వాడరేవులో రెండు రోజుల అద్దె ఇల్లు: మూడు తెలుగు మాటల పాఠం

అద్దంకి పేరెత్తితే మన క్లబ్బులో 848 నాటి పండరంగని శాసనం, అందులోని తరువోజ పద్యం, ఆ తర్వాత ఎర్రన వరసగా వచ్చేస్తారు. ఈసారి నేను అంత వెనక్కి వెళ్ళను. మొన్న సెలవుల్లో అద్దంకి నుంచి ఇంకొల్లు, చీరాల మీదుగా ఆరుగురం వాడరేవు వెళ్ళాం. సముద్రానికి దగ్గర్లో ఒక ఫ్లాట్ రెండు రోజులకి అద్దెకి తీసుకున్నాం. అక్కడ అర్థమైన సంగతిని మూడు తెలుగు మాటలతో చెప్తాను.

మొదటిది విడిది. 'విడియు' అంటే ప్రయాణంలో ఒకచోట ఆగడం, దిగడం. దాంట్లోంచి వచ్చిందే విడిది. పెళ్ళిలో మగపెళ్ళివారికి విడిది ఇస్తారు కదా, మంచినీళ్ళ దగ్గర్నుంచి మంచాల దాకా ఆడపెళ్ళివారే చూసుకోవాలి. కాఫీ ఆలస్యమైతే అలగొచ్చు కూడా! అంటే విడిదిలో బాధ్యతంతా ఇచ్చినవాళ్ళది.

రెండోది బస. లాడ్జీలోనో రిసార్టులోనో దిగితే బస చేశాం అంటాం. అక్కడ కౌంటర్ దగ్గర ఒక మనిషి ఉంటాడు. నీళ్ళు రాకపోతే పిలవొచ్చు, ఈరోజు సముద్రం ఎట్టా ఉందని అడగొచ్చు. బాధ్యత చెరిసగం.

మూడోది అద్దె. డబ్బులు కట్టి తాళంచెవి తీసుకున్నాక ఆ ఇంటికి పెద్ద మనమే. మేము చేసిన పొరపాటు ఇదే: అద్దె ఇంట్లో దిగి, విడిదిలో ఉన్నట్టు ప్రవర్తించాం. కుళాయి తిప్పితే ఉప్పు నీళ్ళు. తాగే నీళ్ళ క్యాన్ మనమే తెచ్చుకోవాలని ఎవరూ అడిగి తెలుసుకోలేదు. రాత్రి వంట మొదలుపెడితే గ్యాస్ అయిపోయింది. ఇవన్నీ నవ్వుకునే విషయాలే. మర్నాడు పొద్దున జరిగింది మాత్రం కాదు.

మాలో ఒకడు గుండ్లకమ్మలో ఈత నేర్చినవాడు. ఆ ధైర్యంతోనే ఎవరికీ చెప్పకుండా ముందే దిగాడు. అలలు విరగకుండా నీళ్ళు ప్రశాంతంగా కనపడిన చోటే ఎంచుకున్నాడు. మేము వెళ్ళేసరికి ఒడ్డుకేసి ఈదుతున్నాడు, కానీ వెనక్కే పోతున్నాడు. వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన చూసి, "ఎదురీదబాక! పక్కకి రా, పక్కకి!" అని అరిచాడు. వాడు విన్నాడు. అందుకే ఈ వ్యాసం ఇట్టా రాయగలుగుతున్నాను.

దీన్ని రిప్ కరెంట్ అంటారు. అలలు ఒడ్డుకి తోసిన నీళ్ళు మళ్ళీ లోపలికి పోవాలి. ఇసుక దిబ్బల మధ్య సన్నటి దారి దొరికితే అన్నీ అటే పరుగెత్తుతాయి. ఆ దారిలో లోతు ఎక్కువ కాబట్టి అలలు అంతగా విరగవు, మనకి అదే మంచి చోటులా కనపడుతుంది. బలంగా ఉన్నప్పుడు దాని వేగం సెకనుకి 2 మీటర్ల దాకా ఉంటుంది. మనబోటివాళ్ళు సెకనుకి 1 మీటరు ఈదడమే గొప్ప. లెక్క మీరే చేసుకోండి. అందుకే దాంట్లో పడితే కంగారుపడకుండా తేలాలి, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదాలి, లాగుడు తగ్గాక ఒడ్డుకి తిరగాలి. ఒడ్డునున్నవాళ్ళు వెనకాలే దూకకుండా తాడో ఖాళీ క్యానో విసిరి, 112కి ఫోన్ చేయాలి.

మీరు వెళ్తే ఇవి మర్చిపోవద్దు:

1. డబ్బు కట్టేముందే తాగునీళ్ళు, గ్యాస్, డిపాజిట్ సంగతి అడగండి.
2. దిగగానే గదులన్నీ ఫోటోలు తీయండి. వెళ్ళేటప్పుడు వాదన ఉండదు.
3. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఇచ్చే అలల హెచ్చరికలు ముందురోజే చూడండి.
4. నీళ్ళలో దిగేముందు అక్కడి మత్స్యకారుల్ని అడగండి. ఒంటరిగా దిగొద్దు, మందు తాగి అసలే దిగొద్దు.

ఖాళీ చేసే రోజు వాచ్‌మన్ వచ్చి గ్లాసులు, దిండ్లు లెక్కపెట్టుకున్నాడు. ఆటో ఎక్కాక మేము మమ్మల్ని లెక్కపెట్టుకున్నాం. ఆరుగురం ఉన్నాం.

మీ ఊళ్ళో విడిదికి, బసకి ఇంకే మాటలు వాడతారో వచ్చే సంచికకి రాసి పంపండి.