కోడ్‌ని నోటితో చెప్పాల్సి వస్తే

కోడ్ రాయడం నేర్పేవాళ్లున్నారు గానీ, పైకి చదవడం నేర్పేవాళ్లు తక్కువ. స్క్రీన్ షేర్ మొరాయించిన కాల్‌లో, సర్వర్ ముందున్న మనిషి చేత ఒక కమాండ్ టైప్ చేయించాల్సి వచ్చిన రోజు ఆ లోటు బయటపడుతుంది.

"యూజర్ ఐడీ" అని మీరంటే అవతలివాళ్లు మధ్యలో అండర్‌స్కోర్ పెట్టొచ్చు, ఐ ఒక్కటే క్యాపిటల్ కొట్టొచ్చు, అంతా స్మాల్ లెటర్స్‌లో కలిపేయొచ్చు. చెవికి మూడూ ఒకటే. పైథాన్‌కీ జావాకీ మూడూ వేర్వేరు. అందుకే "యూజర్, అండర్‌స్కోర్, ఐడీ, అన్నీ స్మాల్" అని విడదీసి చెప్పండి. అసలు నోరు తిరిగే పేరు పెడితే సగం బాధ తప్పుతుంది. రాబర్ట్ మార్టిన్ 2008లో తెచ్చిన 'క్లీన్ కోడ్' పుస్తకంలో జెన్‌వైఎండీహెచ్ఎంఎస్ అనే పేరొకటి కనిపిస్తుంది. సంవత్సరం నుంచి సెకను దాకా అన్నీ అందులోనే కుక్కారు. మీటింగులో దాన్ని పలకాల్సినవాళ్ల పాట్లు పగవాడికి కూడా వద్దు.

గుర్తుల దగ్గర మన అలవాట్లు కొన్ని దేశం దాటవు. బళ్లో నేర్చుకున్న ఫ్లవర్ బ్రాకెట్‌ని అమెరికా టీమ్‌తో కర్లీ బ్రేస్ అనండి. @ దగ్గర "ఎట్ ద రేట్" అక్కర్లేదు, "ఎట్" చాలు. అసలు చిక్కు జెడ్‌తోనే. వాళ్లు దాన్ని "జీ" అంటారు, మన చెవికి ఎఫ్ తర్వాతి అక్షరంలా వినిపిస్తుంది. అనుమానం వస్తే "జీబ్రాలో మొదటి అక్షరమా?" అని అడిగేయండి. ఎన్ ఫర్ నెల్లూరు మనవాళ్ల మధ్య చెల్లుతుంది, బయటివాళ్లకి నవంబర్ అనండి.

కోడ్ రివ్యూలో మాత్రం గుర్తులు ఏకరువు పెట్టకండి, అర్థం చెప్పండి. ఒక్క = ఉంటే "ఎక్స్‌లో ఐదు పెడుతున్నాం", == అయితే "ఎక్స్ ఐదేనా అని చూస్తున్నాం". రెంటినీ "ఈక్వల్స్" అని చదివేస్తే, ఇఫ్‌లో రెండోది మర్చిపోయిన తప్పు ఎవరికీ వినపడదు.

ఎస్‌క్యూఎల్ అనాలా, సీక్వెల్ అనాలా అని ఇంటర్వ్యూ ముందు బెంగపడేవాళ్లున్నారు. 1970లలో ఐబీఎంలో పుట్టినప్పుడు దాని పేరు సీక్వెలే. ఆ పేరు మీద ఒక బ్రిటిష్ విమానాల తయారీ కంపెనీకి ట్రేడ్‌మార్క్ ఉండడంతో కుదించారు. రెండూ చెల్లుతాయి, ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఏదంటే మీరూ అదే అనండి. అలాగే char అనే డేటా టైప్‌ని "చార్" అన్నందుకు ఎవరైనా నవ్వితే, సీ ప్లస్ ప్లస్‌ని తయారుచేసిన బ్యార్న్ స్ట్రౌస్ట్రప్ కూడా "కార్" కాదు, "చార్" అనే చెప్పారని గుర్తుచేయొచ్చు.

అన్నిటికన్నా ప్రమాదం, శబ్దం లేని స్పేస్. ఆర్ఎం మైనస్ ఆర్ఎఫ్ తర్వాత "స్లాష్ డేటా స్లాష్ ఓల్డ్" అని చెబుతూ డేటా దగ్గర మీరు కాస్త ఆగారు. అవతలి మనిషి అక్కడ స్పేస్ కొట్టాడు. ఓల్డ్ ఫోల్డర్ ఒక్కటే పోవాల్సింది, డేటా మొత్తం పోతుంది. స్పేస్ ఉన్నచోట "స్పేస్" అనీ, లేనిచోట "స్పేస్ లేదు" అనీ పైకి చెప్పండి. వీలుంటే కమాండ్‌ని చాట్‌లో పంపండి. వీలు కాకపోతే, ఎంటర్ కొట్టేముందు అవతలి మనిషి చేత ఒక్కో అక్షరం తిరిగి చదివించుకోండి.