కారులో దాచిన చోట్లు కంప్యూటర్‌లోకి

పాత కారు అమ్మే ఆలోచన ఉంటే ముందు అందులోని నావిగేషన్ పరికరం చూడండి. కోరుట్లలో అమ్మమ్మగారిల్లు, సిరిసిల్లలో మేనమామ సాంచాల కార్ఖానా, జగిత్యాలలో మీ ఇల్లు అన్నీ అందులోనే సేవ్ అయి ఉంటాయి.

గార్మిన్ పరికరమైతే యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌కు కలపండి. చాలా మోడళ్లలో గార్మిన్ ఫోల్డర్, దాని లోపల జీపీఎక్స్ ఫోల్డర్, అందులో ‘కరెంట్’ అనే ఫైలు ఉంటాయి. దాన్ని కాపీ చేసుకుని గూగుల్ ఎర్త్ ప్రోలో తెరవండి.

ఈ పనికి పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. అదే ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ప్రతి చోటుకూ రెండు సంఖ్యలు కనిపిస్తాయి, అక్షాంశం, రేఖాంశం. తొమ్మిదో తరగతి కోఆర్డినేట్ జామెట్రీ ఇదే కదా! జగిత్యాల అక్షాంశం సుమారు 18.8 డిగ్రీలు, సిరిసిల్లది 18.4. ఒక డిగ్రీకి దాదాపు 111 కిలోమీటర్లు. గుణిస్తే 44 వస్తుంది. కారు మీటరు మాత్రం అంతకంటే ఎక్కువే చూపిస్తుంది. ఎందుకో వాళ్లనే చెప్పమనండి.

కాపీ సరిగ్గా తెరుచుకుందని చూశాకే పరికరంలోవి చెరిపేయండి. ‘హోమ్’ను మాత్రం అస్సలు మరవద్దు. కారు కొన్నవారికి మీ ఇంటి దారి, పిల్లల ట్యూషన్ దారి తెలియనక్కర్లేదు.