అగ్నిగుండాల రాగి కొండలు: పేరు, శిల, ఆధారము

మన మియాపూర్‌లో మెట్రో రైలు ఎక్కే ప్రయాణికుడు తన తలపైనున్న తీగను తేరిపార చూడడు. 2017 నవంబరు 28న ప్రారంభమైన ఆ రైలును నడిపే విద్యుత్తు రాగి తీగ గుండానే అందుచున్నది. పక్కనే రామచంద్రాపురంలో తయారయ్యే జనరేటర్ల చుట్లలోనూ రాగియే. మన ఇండ్లలోని దేగ్చీలకు కళాయి పూయించుకొన్న రోజులు పెద్దలకింకా జ్ఞాపకమే. ఇంతగా మనలను అంటిపెట్టుకొన్న లోహము ఎచ్చటి నుండి వచ్చుచున్నదని మాత్రం మనము అరుదుగా ఆలోచిస్తాము.

ఒకనాడు తరగతిలో ఊళ్ళ పేర్లను గూర్చి చెప్పుచు మేము అగ్నిగుండాలను ఉదాహరించినాము. అచ్చట పూర్వం రాగి కరగించిన కొలుములుండుట చేతనే ఆ పేరు కలిగినదని ధీమాగా అన్నాము. వెనుక బల్లపై కూర్చున్న ఒక విద్యార్థి లేచి, "దానికి ఆధారమేమి సార్?" అని వినయంగానే అడిగినాడు. మా వద్ద సమాధానము లేదు. మేము భాషాధ్యాపకులము, భూగర్భ శాస్త్రజ్ఞులము కాము. ఆ ప్రశ్నను వెంబడించి చదివిన దాని ఫలితమే ఈ వ్యాసము.

కొండలు, శిలలు

పల్నాడు జిల్లాలో వినుకొండకు ఉత్తరంగా అగ్నిగుండాల ప్రాంతము కలదు. ఆ పరిసరాల బండ్లమొట్టు, నల్లకొండ, ధూకొండ అనే మూడు కొండలు ఖనిజాన్వేషకులకు సుపరిచితములు. మొదటిది సీసమునకు, తక్కిన రెండును రాగికి పేరు పొందినవి.

మన మియాపూర్ పరిసరాల బండలు సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు. భూగర్భములో కరగిన పదార్థము చల్లారి ఏర్పడిన శిల అది. అగ్నిగుండాల కథ వేరు. అది కడప శిలా ప్రాంతములో ఈశాన్య భాగము. సుమారు 44 వేల చదరపు కిలోమీటర్ల ఈ ప్రాంతము ఒకప్పుడు నీటి అడుగున ఉండెను. అందు పేరుకొన్న ఇసుక గట్టిపడి క్వార్ట్జైటుగాను, బురద పలకలవంటి ఫిల్లైటుగాను, సున్నపు పదార్థము డోలమైటుగాను మారినవి. ఈ పొరల వయస్సు 150 కోట్ల సంవత్సరాలకు మించినది. తరువాతి భూచలనాలు వాటిని చాపను మడిచినట్లు మడిచినవి. గట్టి పొరలు కొండలై నిలువగా, మెత్తని పొరలు అరిగి లోయలైనవి.

ఇచ్చటి ఖనిజము ఈ పొరలనే అనుసరించి ఉండుట ముఖ్య లక్షణము. బండ్లమొట్టులో సీసపు ఖనిజమైన గెలీనా డోలమైటులో లభించినది. నల్లకొండ, ధూకొండలలో రాగి ఖనిజమైన చాల్కోపైరైటు ప్రధానము. కావున అన్వేషకుడు కొండనంతటినీ తవ్వనక్కర లేదు. అనుకూలమైన పొర ఏదో గుర్తించి, అది మడతలలో ఎటు పోవుచున్నదో వెంబడించవలెను.

కొండకు పట్టిన చిలుము

కళాయి పోయిన రాగి పాత్రలో చింతపండు పులుసు నిలువ ఉంచితే పచ్చని చిలుము పట్టును. కొండమీది రాగికి కూడ అటువంటిదే సంభవించును. చాల్కోపైరైటు రాగి, ఇనుము, గంధకముల సమ్మేళనము. వాననీరు, గాలి సోకి అది విచ్ఛిన్నము కాగా, ఇనుము తుప్పు రంగు మట్టిగా పైననే మిగులును. రాగి నీటిలో కరగి కొంత దూరము పయనించి, సున్నపు జాతి రాళ్ళను తాకినచోట ఆకుపచ్చని మాలకైటుగానో, నీలపు అజురైటుగానో పేరుకొనును. పూర్వులకు దారి చూపినవి ఈ రంగులే.

అయితే ఈ పచ్చదనము మోసగించును కూడ. చిటికెడు రాగి చాలు, పెద్ద బండకంతకు రంగు పట్టుటకు. ప్రతి పచ్చరాయి రాగిరాయి కాదు కూడ. మన ప్రయోగశాలలో దీనిని తేల్చుకొనవచ్చును. రాతిపొడిని సజల ఆమ్లములో వేసినప్పుడు మాలకైటు అయితే నురగలెత్తి కరగును. ఆ ద్రావణములో శుభ్రమైన ఇనుప మేకు ముంచగా దానిపై ఎర్రని రాగిపూత ఏర్పడును.

అన్వేషణ క్రమము

మన ప్రాంతపు రాగిని గూర్చిన ఆధునిక రచనలలో కంపెనీ కాలపు ప్రకృతి శాస్త్రజ్ఞుడు బెంజమిన్ హైన్ గ్రంథము తొలినాటిది. కాళహస్తి, వెంకటగిరి, నెల్లూరు ప్రాంతాల రాగి గనులను ఆయన 1814లో ప్రకటించిన ఆ గ్రంథములో వర్ణించినాడు. 1851లో ఏర్పడిన భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ పక్షాన విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు శిలలను గూర్చి వెలువరించిన గ్రంథము నేటికీ మూలాధారమే. స్వాతంత్ర్యానంతరం ఆ సంస్థ అగ్నిగుండాల కొండలను వివరంగా పరిశోధించినది. 1967లో ఏర్పడిన హిందూస్థాన్ కాపర్ సంస్థ ఇచ్చట పథకము చేపట్టినది. బండ్లమొట్టు సీసపు గనిని అనంతర కాలమున హిందూస్థాన్ జింక్ సంస్థ నడిపినది. ఆ గని మూతపడినది.

అన్వేషణకు నేడు నాలుగు దశలు చెప్పుదురు: స్థూల పరిశీలన, ప్రాథమిక అన్వేషణ, సాధారణ అన్వేషణ, సమగ్ర అన్వేషణ. మొదట శిలల పటము గీయుదురు. వాగుల ఇసుకను, మట్టిని పరీక్షించి రాగి ఎక్కువగానున్న దిక్కును గుర్తింతురు. భూమిలోనికి విద్యుత్తు పంపి ఆపినప్పుడు, గంధక ఖనిజాలున్న చోట ఆ ప్రభావము క్షణకాలము నిలుచును. దానిని కొలుతురు. కందకాలు తవ్వుదురు. చివరకు డ్రిల్లింగు యంత్రముతో లోతు నుండి రాతి కడ్డీలను పైకి తీసి, ఎంత మందమున ఎంత రాగి ఉన్నదో లెక్కింతురు. దశ పెరిగిన కొలది వ్యయము పెరుగును, సందేహము తరుగును.

రాగి ఉన్నంత మాత్రాన గని అగునా?

ఈ వ్యాసానికి ప్రాణమైన ప్రశ్న ఇది. స్వచ్ఛమైన చాల్కోపైరైటులో రాగి నూటికి 34.6 పాళ్ళు. కాని అది రాతిలో అచ్చటచ్చట చల్లినట్లుండును. నూటికి ఒక పాలు రాగి గల రాయి ఒక టన్ను తవ్వితే, అందులోని రాగి 10 కిలోలు మాత్రమే. తక్కిన 990 కిలోలు తవ్వి, మోసి, పిండి చేసి, చివరకు ఒకచోట పోయవలసినవే. మధ్యప్రదేశ్‌లోని మలాజ్‌ఖండ్ వంటి విశాల నిక్షేపములో ఈ శ్రమ గిట్టుబాటగును. చిన్న కొండలో, మడతలు పడిన సన్నని పొరలలో అదే శాతము నష్టము తేవచ్చును. రాగి ధర, నీరు, రవాణా కూడ ఈ లెక్కలో చేరును.

మరొక లెక్క కాగితముపై కనిపించదు. గని తెరచిన నాడు చుట్టుపట్ల పల్లెలకు, తండాలకు కూలి దొరకును. మూసిన నాడు ఆ కూలి పోవును. గుంతలు, రాతిపొడి దిబ్బలు మిగులును. అందు సీసము ఉన్నచో నీటికి, పశువులకు, పసిపిల్లలకు ముప్పు. కావున తొందరపడి "ఉన్నది" అనుట ఒక ఊరికి కీడు. పరీక్షింపకనే "లేదు" అనుట దేశానికి నష్టము. 2023లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన 30 కీలక ఖనిజాల జాబితాలో రాగియు ఉండుట చేత, ఇట్టి చిన్న నిక్షేపాలను గూర్చి నిజము చెప్పగలవారి అవసరము నేడు హెచ్చినది.

విద్యార్థులారా! అగ్నిగుండాలకు ఆ పేరు కొలుముల వలన వచ్చినదో, మరొక కారణమున వచ్చినదో పేరును బట్టి తేల్చరాదు. పేరు ఒక సూచన, పచ్చరాయి మరొక సూచన. లోతు నుండి తీసిన రాతి కడ్డీయే సాక్ష్యము. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఉస్మానియా భూగర్భ శాస్త్ర శాఖ మన నగరములోనే కలవు. మన కళాశాల నుండి ఆ ద్వారాలు తట్టువారు ఇంకను పెక్కుమంది కావలెను. ఆనాడు లేచి మమ్ము ప్రశ్నించిన విద్యార్థికి మేము ఋణపడినాము. అతడు అడిగిన ఒక్క మాటతోనే శాస్త్రము ఆరంభమగును.