దీపం-2 సిలిండర్: ఇంటి పొయ్యికి సరే, టిఫిన్ బండికి ఎందుకు వద్దు?

దీపం-2 కింద మీకు ఏడాదికి మూడు గ్యాస్ సిలిండర్లు ఉచితం. నాలుగు నెలలకు ఒకటి చొప్పున, 2024 నవంబర్ 1 నుంచి ఇది అమల్లో ఉంది. ఈ సంగతి మీకు తెలిసిందే. ఈసారి చెప్పేది సిలిండర్ లోపల ఉండే ఒత్తిడి గురించి.

భీమిలి బీచ్ రోడ్డు మీద, గడియార స్తంభం పక్కన ఇడ్లీ, పుణుగులు, బజ్జీలు అమ్ముకుంటూ ఇల్లు నడుపుతున్న అక్కచెల్లెళ్లలో దీపం లబ్ధిదారులు కూడా ఉన్నారు. ఇంట్లో సిలిండర్ ఉంది కదా, బండికీ అదే తగిలిద్దాం అనిపిస్తుంది. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

లోపల ఏముంది?

సిలిండర్‌లో గ్యాస్ ద్రవంగా ఉంటుంది. ఒత్తిడి పెట్టి అలా చేస్తారు. ఒక లీటరు ద్రవం బయటికొస్తే సుమారు 250 లీటర్ల గ్యాస్ అవుతుంది. మన ఎండలకు లోపలి ఒత్తిడి బైక్ టైరులో గాలి కంటే రెండు మూడు రెట్లు ఎక్కువే ఉంటుంది. పొయ్యికి కావలసింది అందులో నూరో వంతు కూడా కాదు. ఆ తేడాను తగ్గించి ఇచ్చేదే మీ ఇంటి రెగ్యులేటర్. బండి మీద పెద్ద మంట కోసం దాన్ని తీసేసి హైప్రెషర్ రెగ్యులేటర్ బిగిస్తే, ట్యూబులోకి ఎన్నో రెట్లు ఎక్కువ ఒత్తిడి వస్తుంది. ఇంటి ట్యూబు దాన్ని తట్టుకునేలా చేసింది కాదు.

ఇంకో సంగతి. ఈ గ్యాస్ గాలి కంటే బరువు. లీకైతే పైకి పోదు, నేల మీద పాకుతుంది, గుంటల్లో, మూలల్లో నిలుస్తుంది. విశాఖలో పెద్దవాళ్లను అడిగితే 1997 సెప్టెంబర్ 14 గురించి చెబుతారు. ఆ ఆదివారం తెల్లవారుజామున హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో ఎల్పీజీ లీకై, మేఘంలా కమ్ముకుని, తర్వాత అంటుకుంది. సుమారు 60 మంది చనిపోయారు. మీ వంటింట్లో ఉన్నదీ అదే గ్యాస్. ట్యాంకు చిన్నది, అంతే.

అందుకే బండి కింద నాలుగు వైపులా రేకు కొట్టి, ఆ పెట్టెలో సిలిండర్ దాచడం మంచిది కాదు. వాన పడుతుందనో, ఎవరైనా ఎత్తుకుపోతారనో అలా చేస్తారు, అర్థమవుతుంది. కానీ లీకైన గ్యాస్ ఆ పెట్టెలోనే నిండుతుంది. కనీసం కింది భాగం తెరిచి ఉంచండి. రాత్రి బండి మూసేటప్పుడు పొయ్యి నాబ్ ఒక్కటే తిప్పి వెళ్లిపోకండి, రెగ్యులేటర్ కూడా ఆపండి.

గ్యాస్ అయిపోవస్తే చాలామంది సిలిండర్‌ను పడుకోబెడతారు, లేదా వేడినీళ్లలో పెడతారు. రెండూ ప్రాణం మీదికి తెచ్చే పనులే. పడుకోబెడితే గ్యాస్ బదులు ద్రవమే ట్యూబులోకి వచ్చి మంట ఒక్కసారిగా ఎగుస్తుంది. వేడి చేస్తే లోపల ఒత్తిడి పెరుగుతుంది. పావుగంట వంట కోసం ఇంత పని అక్కర్లేదు. పెద్ద సిలిండర్ నుంచి చిన్నదాంట్లోకి ఎవరో నింపి ఇస్తామంటే అసలు ఒప్పుకోవద్దు.

సముద్రపు గాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. సిలిండర్ తీసుకునేటప్పుడు అడుగు రింగు చూడండి. పైన పట్టీ లోపలి వైపు ఒక ఇంగ్లిష్ అక్షరం, రెండంకెలు ఉంటాయి. ఏ అంటే మార్చి, బి జూన్, సి సెప్టెంబర్, డి డిసెంబర్. సి-27 అని ఉంటే 2027 సెప్టెంబర్‌లోపు మళ్లీ పరీక్ష చేయించాలని అర్థం. గడువు దాటినదైతే వెనక్కి ఇచ్చేయండి, అది మీ హక్కు. ట్యూబు ఐఎస్ఐ గుర్తు ఉన్న సురక్ష ట్యూబు అయి ఉండాలి, అయిదేళ్లకు మార్చాలి. లీకు చూడాలంటే సబ్బు నురగ రాయండి. అగ్గిపుల్ల గీసి చూసేవాళ్లు ఇంకా ఉన్నారు!

బండి మీద పెద్ద కుక్కర్ వాడితే దానిదీ ఇదే లెక్క. ఆవిరి గొట్టంలో మెతుకు అడ్డుపడిందేమో రోజూ చూడండి. ఆవిరి పూర్తిగా పోకముందే మూత లాగకండి.

మరి బండికి ఏది?

ఇంటి ఎర్ర సిలిండర్‌ను వ్యాపారానికి వాడటం నిబంధనలకు విరుద్ధం, దొరికితే పౌరసరఫరాల అధికారులు స్వాధీనం చేసుకోవచ్చు. వ్యాపారానికి 19 కిలోల నీలం సిలిండర్ ఉంది. నిజమే, ధర ఎక్కువ. చిన్న బండి అయితే 5 కిలోల సిలిండర్ చూడండి. గుర్తింపు కార్డు చూపితే గ్యాస్ ఏజెన్సీలో ఇస్తారు.

డబ్బు సంగతి కూడా వినండి. గ్యాస్ ప్రమాదాలకు చమురు కంపెనీలు బీమా కట్టి ఉంచుతాయి, మీరు ప్రీమియం కట్టక్కర్లేదు. మరణిస్తే ఒక్కొక్కరికి రూ.6 లక్షలు, వైద్యానికి ఒక్కొక్కరికి రూ.2 లక్షల వరకు. ఆస్తి నష్టానికి కూడా రూ.2 లక్షల వరకు ఉంది కానీ, కనెక్షన్ నమోదైన చిరునామాలో జరిగితేనే. ఇంటి సిలిండర్ బండి దగ్గర పేలి బండి కాలిపోతే ఆ డబ్బు రాదు. ప్రమాదం జరిగితే వెంటనే ఏజెన్సీకి రాతపూర్వకంగా తెలపండి.

వాసన వస్తే రెగ్యులేటర్ ఆపి, తీసి, సిలిండర్‌కు మూత బిగించండి. తలుపులు తెరవండి. కరెంటు స్విచ్ వేయొద్దు, ఆపొద్దు. బయటికి, దూరంగా వచ్చాకే ఫోన్ తీసి 1906కు చేయండి, ఇది 24 గంటలూ పనిచేస్తుంది. సిలిండర్ చుట్టూ మంటలు కమ్ముకుంటే బండినీ గల్లాపెట్టెనూ వదిలేసి జనాన్ని దూరంగా పంపి 101కు చేయండి.