నైలు నది గొడవ, ఊత్తుకోట కాలువ: ఈ నెల సోషల్ పాఠం మీ ఇంట్లో



ఆఫ్రికా, ఆసియా పాఠాలు రాగానే పిల్లలు ముందుగా రాజధానులు బట్టీ పడతారు. ఈజిప్టుకు కైరో, ఇథియోపియాకు అడిస్ అబాబా, వియత్నాంకు హనోయ్. మ్యాప్ పాయింటింగ్‌లో మార్కులు కూడా వస్తాయి. సంతోషమే. కానీ "ఈజిప్టుకూ ఇథియోపియాకూ గొడవ ఎందుకు?" అని అడగండి. చాలామంది అక్కడే ఆగిపోతారు. అంటే పేర్లు వచ్చాయి, పాఠం ఇంకా రాలేదన్నమాట.

ఈ పాఠం చెప్పడానికి మీరు సోషల్ టీచర్ కానక్కర్లేదు. మీ ఇంట్లో ఎవరైనా చెరువు కింద సేద్యం చేసి ఉంటే చాలు. తూము దగ్గరి కయ్యకు నీళ్లు ముందు అందుతాయి. చివరి కయ్య రైతు ఎదురుచూడాలి. వాళ్లిద్దరి మధ్య తగువు రాకుండా ఊళ్లో వంతులు పెట్టుకునేవారు. పై కయ్య, కింది కయ్య, వంతు: ఈ మూడు మాటలు తెలిస్తే నైలు నది గొడవ సగం అర్థమైనట్టే.

నైలు: కింది దేశం, పై దేశం

నైలు పొడవు సుమారు 6,650 కిలోమీటర్లు. దాని పరీవాహకంలో 11 దేశాలు ఉన్నాయి. ఇక్కడ పిల్లలు తరచుగా ఒక పొరపాటు చేస్తారు. మ్యాప్‌లో ఉత్తరం పైన ఉంటుంది కాబట్టి, ఈజిప్టే నదికి ఎగువన ఉందనుకుంటారు. నిజానికి నైలు దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుంది. నది పారేది నేల ఎత్తుపల్లాలను బట్టి, మ్యాప్‌లో పైనా కిందా చూసి కాదు. ఇథియోపియా ఎత్తైన ప్రాంతంలోని టానా సరస్సు నుంచి వచ్చే బ్లూ నైలు, సూడాన్ రాజధాని ఖార్టూమ్ దగ్గర వైట్ నైలుతో కలుస్తుంది. ఈజిప్టుకు చేరే నీళ్లలో ఎక్కువ భాగం ఇథియోపియా కొండల మీద కురిసిన వాననీరే.

1959లో ఈజిప్టు, సూడాన్ ఒప్పందం చేసుకున్నాయి. ఏటా ఈజిప్టుకు 5,550 కోట్ల ఘనపు మీటర్లు, సూడాన్‌కు 1,850 కోట్లు అని పంచుకున్నాయి. మనకు అలవాటైన లెక్కలో ఇవి సుమారు 1,960 టీఎంసీలు, 650 టీఎంసీలు. నీళ్లు పుట్టే ఇథియోపియా ఆ ఒప్పందంలో లేదు.

2011లో ఇథియోపియా బ్లూ నైలు మీద పెద్ద ఆనకట్ట మొదలుపెట్టి, 2025 సెప్టెంబరులో ప్రారంభించింది. దాని సామర్థ్యం 7,400 కోట్ల ఘనపు మీటర్లు. ఇప్పటి మన శ్రీశైలం లాంటివి సుమారు 12 అందులో పడతాయి. "మా దేశంలో కోట్ల మందికి ఇంకా కరెంటు లేదు, మా నీళ్లతో మేం కరెంటు చేసుకోకూడదా?" అన్నది ఇథియోపియా వాదన. "పది కోట్లకు పైగా ఉన్న మా జనం ఈ ఒక్క నది మీదే బతుకుతున్నారు, కరువు ఏడాదిలో నీళ్లు ఆపితే మా గతేమిటి?" అన్నది ఈజిప్టు వాదన. కరువు వస్తే ఎంత వదలాలన్న దానిపై అందరూ కట్టుబడే ఒప్పందం లేకుండానే ఆనకట్ట ప్రారంభమైంది.

మెకాంగ్: ఆసియాలో ఇదే కథ

టిబెట్ పీఠభూమిలో పుట్టే మెకాంగ్ నది చైనా, మయన్మార్, లావోస్, థాయ్‌లాండ్, కంబోడియా, వియత్నాం దేశాల మీదుగా సముద్రంలో కలుస్తుంది. చివరన ఉన్న వియత్నాం డెల్టా ఆ దేశానికి వరి ధాన్యాగారం. నదిలో నీళ్లు తగ్గితే సముద్రపు ఉప్పునీరు పొలాల్లోకి ఎక్కుతుంది. 1995లో కింది నాలుగు దేశాలు కలిసి మెకాంగ్ నదీ కమిషన్ ఏర్పాటు చేసుకున్నాయి. అందరికంటే పైన ఉన్న చైనా అందులో పూర్తి సభ్యదేశం కాదు. సభ్యదేశం ప్రధాన నది మీద డ్యామ్ కట్టాలంటే మిగతావారిని ముందుగా సంప్రదించాలి. అయితే వద్దని ఆపే అధికారం ఎవరికీ లేదు.

మన దారిలో కనిపించే పాఠం

ఇప్పుడు మన వైపు వద్దాం. వడమాలపేట నుంచి పుత్తూరు, నాగలాపురం మీదుగా సురుటపల్లి గుడికి మీలో చాలామంది వెళ్లే ఉంటారు. అక్కడికి దగ్గర్లోనే, ఊత్తుకోట వద్ద, తెలుగుగంగ కాలువ తమిళనాడులోకి అడుగుపెడుతుంది. మహాబలేశ్వరం దగ్గర పుట్టిన కృష్ణ నీళ్లు శ్రీశైలం, వెలుగోడు, బ్రహ్మంగారి మఠం, సోమశిల, కండలేరు దాటి అక్కడికి వస్తాయి. కండలేరు నుంచి సరిహద్దు దాకా కాలువ సుమారు 150 కిలోమీటర్లు. తిరుపతి తాగే నీళ్లలో కొంత ఈ పథకం నుంచే.

మద్రాసు దాహం తీర్చడానికి 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు ఇస్తామన్నాయి. 1983లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ఒప్పందం కుదుర్చుకున్నాయి. దారిలో ఆవిరయ్యేది పోను 12 టీఎంసీలు సరిహద్దుకు చేరాలన్నది లెక్క. 1996లో మొదటిసారి కృష్ణ నీళ్లు పూండి జలాశయానికి చేరాయి. చాలా ఏళ్లలో పూర్తి 12 టీఎంసీలు అందలేదన్నదీ నిజమే. అయినా ఒప్పందం నిలిచింది.

ఇక్కడ పిల్లలకు ఒక ప్రశ్న వేయండి: "మనం పై వాళ్లమా, కింది వాళ్లమా?" కృష్ణ విషయంలో మహారాష్ట్ర, కర్ణాటకలకు మనం కింది వాళ్లం. అదే కాలువలో చెన్నైకి పై వాళ్లం. పిచ్చాటూరు అరణియార్ జలాశయం గేట్లు ఎత్తినప్పుడు ఆ వరద చూసుకోవాల్సింది దిగువన ఉన్న ఊత్తుకోట వాళ్లు. అంటే మనం ఒకచోట ఈజిప్టు, ఇంకోచోట ఇథియోపియా. ఇది తెలిసిన పిల్లవాడు ఏ ఒక్కరినీ తొందరపడి తప్పుపట్టడు.

ప్రభుత్వం పాఠం ఇక్కడే

మన రాష్ట్రాల మధ్య తగువు వస్తే పైన ఒకే రాజ్యాంగం ఉంది. అంతర్రాష్ట్ర నదీ జలాల వివాదాల చట్టం 1956లో వచ్చింది. కృష్ణ పంపకానికి 1969లో జస్టిస్ బచావత్ నాయకత్వంలో ట్రిబ్యునల్ వేశారు. తీర్పు నచ్చకపోయినా దాన్ని పాటించాలి. రెండు దేశాల మధ్య అలాంటి పెద్దమనిషి లేడు. ఇద్దరూ ఒప్పుకుంటేనే సంతకం, ఇద్దరూ ఒప్పుకుంటేనే కోర్టు. "ప్రభుత్వం ఎందుకు?" అన్న ప్రశ్నకు పుస్తకంలోని నిర్వచనం కంటే ఈ తేడా బాగా సమాధానం చెబుతుంది.

ఈ వారం ఇంట్లో ఇలా చేయండి

1. అట్లాసు తీసి నైలు, మెకాంగ్, కృష్ణ నదులను పుట్టిన చోటి నుంచి సముద్రం దాకా వేలితో గీయించండి. పేర్లు తర్వాత అడగండి.

2. ప్రతి నదికీ మూడే ప్రశ్నలు వేయండి: పైన ఎవరున్నారు? కింద ఎవరున్నారు? ఒప్పందంలో ఎవరు సంతకం పెట్టారు, ఎవరు పెట్టలేదు?

3. రాత్రి భోజనాల దగ్గర మీరు ఈజిప్టు, మీ బిడ్డ ఇథియోపియాగా పది నిమిషాలు వాదించండి. తర్వాత పక్షాలు మార్చుకోండి. రెండోసారి వాదించడం కష్టంగా అనిపిస్తుంది. నేర్చుకునేది అక్కడే.

4. ఇంట్లో అవ్వ, తాత ఉంటే వాళ్ల ఊరి చెరువులో నీళ్ల వంతు ఎలా ఉండేదో చెప్పమనండి. బిడ్డ దాన్ని ఐదు వాక్యాల్లో నోట్స్‌లో రాసుకోవాలి.

పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్నకు దీనివల్ల జవాబు సులభంగా వస్తుంది. అంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. రేపు ఈ పిల్లలే ఇంజినీర్లు, అధికారులు, ఓటర్లు అవుతారు. నీళ్ల తగువు వాళ్ల కాలంలోనూ ఉంటుంది. అప్పుడు అవతలి గట్టు మీద ఉన్నవాళ్ల మాట కూడా వినే అలవాటు వాళ్లకు ఉండాలి. ఆ అలవాటు మీ ఇంటి భోజనాల దగ్గరే మొదలు కావచ్చు.